ఎర్ర వాగు దగ్గర కార్ల పందెం

పిల్లలూ! మీ బడిలో పరుగు పందాలు చూసే ఉంటారు. 100 మీటర్ల పందెం రెప్పపాటులో తేలిపోతుంది. కాని ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 24 గంటలపాటు సాగే పందెం ఎక్కడైనా చూశారా? బెల్జియం దేశంలో అటువంటి కార్ల పందెం ఒకటున్నది. అది మొదటిసారి 1924లో జరిగింది. పదండి, మనమూ పోయి చూద్దాం.

బెల్జియం యూరపులో ఒక చిన్న దేశం. దాని తూర్పు భాగాన ఆర్డెన్స్ కొండలున్నాయి. ఇవి అంత ఎత్తయిన కొండలు కావు. కాని ఎటు చూసినా దట్టమైన అడవి, పచ్చిక బీళ్ళు, నడుమ చిన్న చిన్న వాగులు. అక్కడే స్పా అనే పట్టణం ఉన్నది. ఆ ఊళ్ళో ఊటనీళ్ళలో ఖనిజాలుంటాయి. ఆ నీళ్ళు ఆరోగ్యానికి మంచివని వెనకటినుంచీ జనం అక్కడికి పోయేవారు. ఇవాళ స్నానశాలలను "స్పా" అంటున్నాం గదా, ఆ మాట ఈ ఊరి పేరే!

స్పాకు దగ్గరలో ఫ్రాంకోర్షాం అనే గ్రామం వద్ద పందెపు దారి ఉన్నది. దాని పొడవు ఇప్పుడు సుమారు 7 కిలోమీటర్లు. అందులో అన్నిటికన్నా పల్లపు చోటికీ, అన్నిటికన్నా ఎత్తయిన చోటికీ మధ్య 100 మీటర్ల తేడా ఉంటుంది. ఈ ఎక్కుడు దిగుళ్ళ చుట్టూ అడవే. ప్రేక్షకులు గొడుగులూ వానకోట్లూ చంకన పెట్టుకుని, అడవి బాటల వెంట నడిచిపోయి, గట్ల వాలు మీద కూర్చుంటారు. కార్ల రొద చెవులు చిల్లులు పడేటట్టు ఉంటుంది కనుక పెద్దవాళ్ళు పిల్లల చెవులకు మూతలు తగిలిస్తారు.

మనం వాగు దగ్గర కూర్చుందాం. దాని పేరు "ఓ రూజ్". ఫ్రెంచి భాషలో ఎర్ర నీళ్ళు అని అర్థం. ఇక్కడి నీళ్ళలో ఇనుము ఉన్నది. గాలి తగిలినప్పుడు మేకుకు తుప్పు పట్టినట్టే, ఈ ఇనుము కూడా తుప్పుగా మారి వాగులోని రాళ్ళకు ఎర్రరంగు పులుముతుంది. కార్లు పైనుంచి జోరుగా దిగి, ఈ వాగును దాటి, వెంటనే ఎదుటి గట్టు మీదికి దూసుకుపోతాయి. ఉయ్యాల బాగా ఊగినప్పుడు కిందికి వచ్చేసరికి ఒళ్ళు బరువెక్కినట్టూ, పైకి పోయేసరికి తేలిపోయినట్టూ ఉంటుంది కదా? డ్రైవరుకు ఇక్కడ సరిగ్గా అలాగే ఉంటుంది.

పందెం ఈ మధ్య జూన్, జూలై నెలల్లో జరుగుతున్నది. శనివారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది. ఒక్కొక్క కారుకు ముగ్గురో నలుగురో డ్రైవర్లుంటారు. వాళ్ళు వంతులవారీగా నడుపుతారు. మధ్య మధ్య కారును పక్కకు తీసుకువచ్చి, పెట్రోలు పోసి, టైర్లు మార్చి పంపుతారు. చక్రాలు విప్పేవారూ, పెట్రోలు పోసేవారూ, లెక్కలు వేసేవారూ ఎవరూ కంటినిండా నిద్రపోరు. వాన తక్కువైన సంవత్సరాలలో గెలిచిన కారు 500 చుట్లకు పైగా తిరుగుతుంది. అంటే 3,500 కిలోమీటర్లు దాటి పోయిందన్న మాట!

అక్కడ వేసవిలో రాత్రి 10 గంటలు కావస్తేగాని చీకటి పడదు. చీకటి పడ్డాక చూడాలి ఆ వింత! చెట్ల సందుల్లోంచి దీపాలు మిణుకు మిణుకుమంటూ పరుగెత్తుతాయి. మలుపు దగ్గర బ్రేకు వెయ్యగానే చక్రాల లోపలి బ్రేకు పళ్ళాలు కమ్మరి కొలిమిలోని ఇనుములాగా ఎర్రగా మెరుస్తాయి. కారు వేగంలోని శక్తి అంతా రాపిడివల్ల వేడిగా మారుతుంది, అందుకని.

ఇంతలో వాన వచ్చిందనుకోండి. అసలు చిక్కు అప్పుడే వస్తుంది. అట్లాంటిక్ సముద్రంమీదినుంచి వచ్చే తడిగాలి ఈ కొండలను ఎక్కుతూ చల్లబడి వానగా కురుస్తుంది. ఒక్కొక్కసారి దారిలో ఒక వైపు జోరున వాన, మరొక వైపు పొడి నేల! పొడి దారి మీద గాట్లు లేని నున్నటి టైర్లు గట్టిగా పట్టుకుంటాయి. తడి దారి మీద అవే టైర్లు పనికిరావు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీరు దూరి చక్రాన్ని పైకి ఎత్తేస్తుంది. ఇక స్టీరింగు ఎటు తిప్పినా కారు మాట వినదు. గాట్లున్న టైరయితే ఆ నీటిని పక్కలకు తోసేస్తుంది. మరి సగం దారి తడిగానూ, సగం పొడిగానూ ఉంటే ఏ టైర్లు వెయ్యాలి? దీనికి జవాబు తప్పితే పందెమే కాదు, ప్రాణం కూడా పోవచ్చును.

ఇందుకు నిదర్శనంగా 1966లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అది 24 గంటల పందెం కాదు, బెల్జియం గ్రాండ్ ప్రీ అనే పందెం. కాని చోటు ఇదే. ఆ రోజుల్లో దారి 14 కిలోమీటర్ల పొడవుండేది. మామూలు రోజుల్లో ఊళ్ళ మధ్య బండ్లు తిరిగే రోడ్లే అవి. పక్కనే ఇళ్ళు, స్తంభాలు, చెట్లు. కార్లు పొడి నేల మీద బయలుదేరి, మొదటి చుట్టులోనే వానలోకి దూసుకుపోయాయి. చాలా కార్లు జారిపోయాయి. జాకీ స్టీవర్ట్ అనే యువకుడి కారు రోడ్డు దాటి నుజ్జు అయింది. అతను లోపల ఇరుక్కుపోయాడు. ఒంటినిండా పెట్రోలు! ఒక్క నిప్పురవ్వ రేగితే చాలు.

అతన్ని కాపాడినది ఎవరు? అక్కడే కార్లు జారిన గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ అనే మరి ఇద్దరు డ్రైవర్లు! స్టీరింగు చక్రం విప్పితేగాని అతను బయటికి రాడు, విప్పడానికి పానా లేదు. చివరకు ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చి, విప్పి, అతన్ని బయటికి లాగారు.

స్టీవర్ట్ గాయాలు మానిన తరవాత ఊరుకోలేదు. తన కారులో ఒక పానా ఎప్పుడూ ఉంచుకున్నాడు. "డ్రైవర్లకు నడుం పట్టీలుండాలి, దారి పక్క కాపుగోడలుండాలి, వైద్యులు సిద్ధంగా ఉండాలి" అని పట్టుబట్టాడు. పిరికివాడని ఎగతాళి చేసినవారు కూడా లేకపోలేదు. అతను మాత్రం 1969, 1971, 1973 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయి చూపించాడు! ఫ్రాంకోర్షాం దారిని 1979లో సగానికి కుదించారు. ఇప్పుడు దారి పొడుగునా జెండాలు పట్టుకుని కాపలావాళ్ళుంటారు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే పసుపుపచ్చ జెండా ఊపి, వెనక వచ్చేవారిని హెచ్చరిస్తారు. అపాయం పూర్తిగా పోలేదు గాని, చాలావరకు తగ్గింది.

ఆదివారం సాయంత్రం పందెం ముగిసేసరికి కార్లన్నీ మసి కొట్టుకుపోయి, బురద చిమ్మి, కొన్ని అతుకులతో కూడా ఉంటాయి. బయలుదేరిన కార్లలో చాలా వాటికి చివరిదాకా రావటమే గగనం. జోరుగా పోవటం ఎంత ముఖ్యమో, ఎక్కడ తగ్గాలో తెలియటం కూడా అంత ముఖ్యం.

మీ ఇంట్లో సైకిలున్నదా? వానలు పడకముందే దాని టైర్లు ఒకసారి తడిమి చూడండి. గాట్లు అరిగిపోయి నున్నగా తగిలితే వెంటనే నాన్నగారికి చూపించండి.