హాకింగ్ అందరికీ తెలుసు.. మరి మన సీఆర్ రావు? లెక్కల మేధావులకు ఆ క్రేజ్ ఎందుకు లేదంటే..

ఫిజిక్స్ సైంటిస్టుల పేర్లు అడిగితే ఐన్‌స్టీన్, సీవీ రామన్, హాకింగ్ అంటూ టకటకా చెప్పేస్తారు. అదే గణిత శాస్త్రవేత్తలంటే? చాలామంది రామానుజన్ దగ్గరే ఆగిపోతారు. ఆయన జీవితకథ తెలుసు కానీ, కనిపెట్టిందేంటో అడిగితే మాత్రం సైలెన్స్!

హైదరాబాద్ గచ్చిబౌలిలో 'ప్రొఫెసర్ సీఆర్ రావు రోడ్డు' ఉంది. రోజూ ఆ దారిన వెళ్లేవాళ్లలో ఆయనెవరో ఎంతమందికి తెలుసు? కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగువారు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసి స్టాటిస్టిక్స్ వైపు వెళ్లారు. కొద్దిపాటి డేటాతో వేసే అంచనాలో ఎంతో కొంత తప్పు ఉంటుంది. దాన్ని ఎంతవరకు తగ్గించొచ్చు, ఏ హద్దు దాటి తగ్గించలేం? 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన లెక్క తేల్చింది ఇదే. దాని పేరు 'క్రామర్-రావు బౌండ్'. రాడార్, సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజినీర్లు ఇప్పటికీ వాడుతున్నారు.

2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చేనాటికి ఆయన వయసు 102 ఏళ్లు! అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. మర్నాడే చంద్రయాన్-3 ల్యాండింగ్. దేశమంతా టీవీలకు అతుక్కుపోయిన రోజు. ఆ హడావుడిలో ఈ వార్త ఎంతమందికి చేరిందో అనుమానమే.

అసలు ఎందుకిలా? మొదటి కారణం నోబెల్. 1901 నుంచి ఫిజిక్స్‌కు ఇస్తున్నారు, మ్యాథ్స్‌కు లేదు. నోబెల్ భార్యకు, ఓ లెక్కల మాస్టారికి ముడిపెట్టే కథ ఒకటి తిరుగుతుంటుంది. అది ఉత్తదే, ఆయనకు అసలు పెళ్లే కాలేదు. గణితంలో టాప్ అనుకునే ఫీల్డ్స్ మెడల్ నాలుగేళ్లకోసారి ఇస్తారు, అదీ 40 ఏళ్ల లోపు వారికే. ఏటా ఇచ్చే ఏబెల్ ప్రైజ్ 2003లో మొదలైంది. 2007లో అది చెన్నైలో పుట్టిన ఎస్ఆర్ శ్రీనివాస వరదన్‌కు వచ్చింది. ఈ పేరు కూడా కొత్తగానే అనిపిస్తోందా?

అయితే తప్పంతా నోబెల్‌దే అనుకుంటే పొరపాటే. హాకింగ్‌కు నోబెల్ రాలేదు, అయినా ప్రపంచమంతా తెలుసు. బ్లాక్ హోల్ అనగానే మనసులో ఓ బొమ్మ కదులుతుంది, సినిమాల్లోనూ చూపించొచ్చు. క్రామర్-రావు బౌండ్‌ను ఏ థంబ్‌నెయిల్‌లో పెడతాం?

ఇక్కడే అసలు ట్విస్ట్. కేంబ్రిడ్జ్‌లో 1979 నుంచి 2009 దాకా హాకింగ్ చేసిన ఉద్యోగం పేరు లుకేసియన్ ప్రొఫెసర్ ఆఫ్ మ్యాథమెటిక్స్. అంటే, కాగితాల ప్రకారం ఆయన లెక్కల ప్రొఫెసరే!