కారుకీ ఓ జాతకం!

సెలవుల్లో వరంగల్ నుంచి హైదరాబాద్ చూడ్డానికెళ్లే కుటుంబాలు చార్మినార్ దగ్గర గాజులు కొనడం పూర్తయ్యాక చౌమహల్లా ప్యాలెస్‌లో అడుగుపెడతాయి. పెద్దవాళ్లు షాండ్లియర్ల కింద ఫొటోలు దిగుతుంటే పిల్లలు మాత్రం ఓ పసుపుపచ్చ కారు దగ్గరికి పరుగెడతారు. దాని వెనక సీటు సీటులా ఉండదు, సింహాసనంలా ఉంటుంది. అందుకే దానికి 'థ్రోన్ కార్' అని పేరు. రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్... 1912 నాటిది.

'ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు' అంటారు పెద్దవాళ్లు. పిల్లలకు వెంటనే వచ్చే సందేహం ఒకటే. 'లేదని ఎలా తెలుసు?'

ప్రశ్న చిన్నదే. కానీ పాతకార్ల ప్రపంచంలో లక్షల డాలర్లు చేతులు మారేది ఆ ప్రశ్నకు దొరికే సమాధానాన్ని బట్టే!

ఎక్కింది తక్కువ... దాచింది ఎక్కువ

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారిది. అది చేతికి అందకముందే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఎక్కే యోగం కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆయనా తిరిగింది తక్కువే. దశాబ్దాలపాటు నిజాం దగ్గరున్నా మీటరు 356 మైళ్లే చూపించిందని చెబుతారు. అంటే దాదాపు 573 కిలోమీటర్లు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు వెళ్లొస్తే సరిపోయే దూరం!

నిజానికి సిల్వర్ ఘోస్ట్ ఒక్కటే తయారవలేదు. 1906 నుంచి 1926 వరకూ మొత్తం 7,874 వచ్చాయి. వాటిలో 6,173 ఇంగ్లండులో, మిగిలిన 1,701 అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారయ్యాయి. అయితే ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ ఇచ్చేది ఇంజిను, చాసిస్ మాత్రమే. పైన బాడీ కట్టేది వేరే సంస్థలు. నిజాం కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. రాజుగారి దర్జాకు తగ్గట్టు కట్టిన బాడీ కాబట్టి ఇది ఏడువేల చిల్లరలో ఒకటి కాదు, ఒకే ఒక్కటి. ఏ చాసిస్ ఎవరికి వెళ్లింది, దానికి బాడీ ఎవరు కట్టారు అన్న వివరాలు అప్పట్లోనే కార్డుల మీద రాసిపెట్టారు. ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ అభిమానుల క్లబ్బు ఆ కార్డులను ఇప్పటికీ భద్రపరుస్తోంది.

ఎవరూ కొనలేదు... అందుకే కోట్లు!

రాజుగారి కారు అరుదంటే అర్థముంది. మరి వేలూ లక్షలూ తయారయ్యే అమెరికా కార్లలో అరుదైనవి ఎలా పుట్టాయి? అదో తమాషా కథ.

1964లో పాంటియాక్ కంపెనీ జీటీఓ అనే కారును తెచ్చింది. మామూలు సైజు కారులో పెద్ద ఇంజిను పెట్టడమే దాని కిటుకు. కుర్రకారు ఎగబడ్డారు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 'మజిల్ కార్లు' అని పేరొచ్చింది. ప్లిమత్ కంపెనీ 'కుడా' కారులో పెట్టిన హెమీ ఇంజిను ఏకంగా ఏడు లీటర్లు. మన పాత అంబాసిడర్‌ది ఒకటిన్నర లీటర్లే!

కానీ ఆ మోజు ఎంతోకాలం సాగలేదు. కుర్రాళ్లు నడిపే ఇలాంటి కార్లకు బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. పొగ మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. హెమీ ఇంజిను కావాలంటే దాదాపు 900 డాలర్లు అదనంగా చెల్లించాలి. పైకప్పు మడిచేసుకునే కన్వర్టిబుల్ అయితే ఖర్చు ఇంకా ఎక్కువ. దాంతో 1971లో హెమీ ఇంజినున్న కుడా కన్వర్టిబుళ్లు కేవలం 11 తయారయ్యాయి. 1969లో పాంటియాక్ ట్రాన్స్ఆమ్ కార్లు 697 వస్తే, వాటిలో కన్వర్టిబుళ్లు ఎనిమిదే. 1971లో జీటీఓ జడ్జ్ కన్వర్టిబుళ్లు 17.

అప్పుడు ఎవరికీ అక్కర్లేని కార్లే ఇప్పుడు అందరికీ కావాలి. 2014లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన వేలంలో ఓ 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ 35 లక్షల డాలర్లు పలికింది.

సీటు కింద సాక్ష్యం

ఇంత ధర పలికే చోట నకిలీలు పుట్టకుండా ఉంటాయా? మామూలు ఇంజినుతో వచ్చిన కుడా కొని, హెమీ ఇంజిను బిగించి, రంగులేసి అసలుదని అమ్మేసేవాళ్లున్నారు. కళ్లకు తేడా తెలీదు. అందుకే కొనేవాడు ముందు చూడాల్సింది కారును కాదు, దాని నంబరును.

1971 నాటి ఈ కారు నంబరు 'బీఎస్27ఆర్1బీ' అని మొదలవ్వాలి. మొదటి అక్షరం కారు పేరు, రెండోది దాని స్థాయి. 27 అంటే కన్వర్టిబుల్. అక్కడ 23 ఉంటే అది మూసిన కప్పు కారేనన్నమాట. 'ఆర్' అంటే హెమీ ఇంజిను. 1 అంటే 1971. చివరి 'బీ' హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. ఏడు గుర్తుల్లో పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్నట్టే!

అంతటితో అయిపోదు. కారు తయారవుతున్నప్పుడు ఏ భాగం బిగించాలో కార్మికులకు చెప్పే కాగితం ఒకటి ఉండేది. పని అయ్యాక దాన్ని కొన్నిసార్లు వెనక సీటు స్ప్రింగుల్లోనే వదిలేసేవారు. చిత్తుకాగితంగా వదిలేసిన అది ఇప్పుడు దొరికితే యజమానికి పండగే. కారు అసలుదని చెప్పే గట్టి సాక్ష్యం అదే మరి.

పాంటియాక్ కార్లకైతే ఫ్యాక్టరీ బిల్లుల మైక్రోఫిల్ములు మిగిలాయి. 1967 నుంచి వచ్చిన ఫోర్డు కార్ల సమాచారమూ భద్రంగా ఉంది. షెవర్లే కథే వేరు. 1970లో ఎల్ఎస్6 అనే శక్తిమంతమైన ఇంజినుతో 4,475 షెవెల్‌లు వచ్చాయని లెక్క ఉంది. వాటిలో కన్వర్టిబుళ్లు ఎన్నో చెప్పే రికార్డు మాత్రం మిగల్లేదు. కారు కళ్లముందే ఉన్నా, అదెంత అరుదైనదో కచ్చితంగా తేల్చలేని పరిస్థితి!

ఇనప్పెట్టెలో వెతకండి

ఇదంతా మనకెందుకు అనుకోవచ్చు. 'ఏపీ 36' నంబర్లు పుట్టక ముందునుంచీ వరంగల్ వీధుల్లో తిరిగిన అంబాసిడర్లు, ఫియట్లు, స్కూటర్లు చాలా ఇళ్లల్లో ఉండేవి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఒకప్పుడు ఊరంతా కనిపించిన బండే ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూస్తున్నారు. తుక్కు కింద అమ్మేసిన ప్రతి బండితో మిగిలినవాటి లెక్క తగ్గుతూనే ఉంటుంది.

ఇలాంటి వాహనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభయ్యేళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు 'వింటేజ్' కిందికి వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రూ. 20 వేలు చెల్లించాలి. అది పదేళ్లు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని ఉంటుంది. ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు, పెట్రోలుకో మరమ్మతుకో తిప్పొచ్చు. రోజువారీ ప్రయాణాలకూ కిరాయిలకూ మాత్రం కుదరదు.

అందుకే తాతగారి బండి షెడ్డులో ఉంటే తుక్కువాణ్ని పిలిచేముందు ఇనప్పెట్టె ఓసారి తెరిచి చూడాలి. పాత ఆర్‌సీ పుస్తకం, కొన్నప్పటి రసీదు, మెకానిక్ బిల్లులు, బండి పక్కన ఇంటిల్లిపాదీ నిలబడి దిగిన ఫొటో... దొరికినవన్నీ ఒకే కవరులో పెట్టాలి. చాసిస్ నంబరు, ఇంజిను నంబరు పుస్తకంలోవాటితో సరిపోయాయో లేదో చూసుకోవాలి. బండికి తుప్పు పడితే గీకి రంగేయొచ్చు. కాగితం పోతే మాత్రం మళ్లీ పుట్టించలేం.

రేపు ఇంట్లో పిల్లలు 'ఇది మన తాతదేనని ఎలా తెలుసు?' అని అడిగితే, తీసి చూపించడానికి ఆ కవరు ఉండాలిగా!