పద్యం వింటే ఒళ్ళు ఎందుకు పులకరిస్తుంది?

రామభజనం తెల్లవారుజామున ముగిసే వేళ కొందరు పెద్దల కళ్ళు చెమ్మగిల్లడం మన మారిషస్ తెలుగువారందరూ చూచినదే. గొంతు జీరపోతుంది, చేతిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకొంటాయి. ఈమధ్య ఒక భజన అయిన తరువాత పదహారేళ్ళ అబ్బాయి ఒకడు మా ప్రక్కకు వచ్చి, "మాస్టారూ, నేను పాడిన పాటకు అర్థమేమిటి?" అని క్రియోల్‌లో అడిగాడు. రోమన్ లిపిలో వ్రాసుకొని, ఒక్క తప్పు లేకుండా పాడాడు. ఆ పాట నేర్పినది మేమే. అర్థం మాత్రం చెప్పలేదు.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అర్థం తెలియని కవిత్వం మనిషిలో ఎంత లోతుకు పోతుంది? దీనికి దగ్గరి ప్రశ్నలను అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను శాస్త్రజ్ఞులు యంత్రాలతో కొలిచి చూచారు. ఆ సంగతులు మన పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం.

రసం శరీరంలో కనబడుతుందని మన పూర్వులకు తెలుసు. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పింది: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. నేటి ప్రయోగశాలలో కొలిచేవాటిలో కొన్ని ఇవే. స్వేదం కొలవడానికి వేళ్ళకు చిన్న లోహపు బిళ్ళలు తగిలించి, మనిషికి తెలియనంత స్వల్పమైన విద్యుత్తు పంపుతారు. మనసు చలిస్తే చెమట ఊరుతుంది, విద్యుత్తు సులువుగా సాగుతుంది. రోమాంచాన్ని చర్మంపై బిగించిన చిన్న కెమెరా పట్టుకొంటుంది. మెదడుకైతే ఎమ్మారై యంత్రం. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా పోతుంది. ఆ తేడాను యంత్రం చూపుతుంది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆవ్రమ్ గోల్డ్‌స్టీన్ 1980లో ఒక పరిశోధన ప్రకటించాడు. సంగీతం వింటే కలిగే పులకరింతకు శరీరంలోనే పుట్టే, నల్లమందును పోలిన పదార్థాలు కారణమా అని ఆయన ప్రశ్న. ఆ పదార్థాలను అడ్డుకొనే మందును పదిమందికి ఇచ్చి చూస్తే, ముగ్గురిలో పులకరింత తగ్గింది. పదిమంది చాలా తక్కువే. కాని ఒక మాట మనం గుర్తుంచుకోవాలి. రాగానికే ఒళ్ళు పులకరిస్తుంది. కనుక భజనలో వెంట్రుకలు నిక్కినంత మాత్రాన మాట మనసుకు చేరిందని చెప్పలేము.

మరి మాట సంగతి? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఉరి హాసన్, ఆయన సహచరులు 2010లో దీనిని చూపారు. ఒకామె ఎమ్మారై యంత్రంలో పడుకొని తన జీవితంలోని ఒక కథ చెప్పింది. దానిని విన్నవారి మెదడు కదలికలు కొద్ది క్షణాల తేడాతో ఆమె మెదడు కదలికలను అనుసరించాయి. కథ ఎంత బాగా అర్థమైతే పోలిక అంత ఎక్కువ. తరువాత రష్యన్ భాషలో చెప్పిన కథను, ఆ భాష రానివారికి వినిపించారు. ఆ జత కుదరలేదు. శబ్దాన్ని మొదట అందుకొనే భాగాలు భాష రాకపోయినా పనిచేస్తాయి. అర్థాన్ని కూర్చే భాగాలకు మాత్రం భాష కావాలి. ఇది వచనంలో చెప్పిన కథే, పద్యం కాదు. అయినా మా విద్యార్థి ప్రశ్నకు ఇది చాలా దగ్గర.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో పరిశోధనలో నాలుగు వందలమందికి పైగా పాఠకులు జపాను హైకూలను, సానెట్లను చదివి తమ అభిప్రాయం చెప్పారు. పద్యం నచ్చడానికి అన్నిటికంటే బలమైన కారణం, చెప్పిన దృశ్యం కళ్ళకు కట్టినట్టు ఉండడమేనని తేలింది. మాట తెలియనివాడికి దృశ్యం ఎలా కనబడుతుంది?

పద్యాలను వినిపించి చేసిన కొలతలు జర్మనీలో ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవారి పరిశోధన 2017లో వెలువడింది. జర్మన్ పద్యాలు విన్నవారిలో నూటికి సుమారు నలభైమందికి కెమెరాలో రోమాంచం కనిపించింది. పులకరింతలు ఎక్కువగా పాదం చివర, పద్యం చివర వచ్చాయి. అంతేకాదు, పులకరింతకు కొన్ని క్షణాల ముందే మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం మేల్కొంది. అంటే మెదడు రాబోయే మాట కోసం ఎదురుచూస్తుందన్నమాట.

బ్రిటన్‌లోని వేల్స్‌లో బాంగర్ విశ్వవిద్యాలయంవారు 2016లో ప్రకటించినది మాకు మరీ నచ్చింది. వెల్ష్ కవిత్వంలో, మన యతిప్రాసలవలె, హల్లులు ఒక క్రమంలో తిరిగి రావాలనే కట్టుబాటు ఉంది. వెల్ష్ మాతృభాషయై, ఆ నియమాలు తెలియనివారికి కొన్ని వాక్యాలు వినిపించారు. ఏది నియమం ప్రకారం ఉన్నదో వారు నోటితో చెప్పలేకపోయారు. కాని తలకు అమర్చిన తీగలలో, సరియైన వాక్యాలకు మెదడు స్పందన వేరుగా నమోదైంది. చదువురాని మన అవ్వలు, యతి అంటే ఏమిటో తెలియకుండానే, "ఇక్కడ ఏదో తప్పింది నాయనా" అనేవారు గదా!

ఈ పరిశోధనలలో తెలుగు పద్యం లేదు. అయినా వీటిని కలిపి చూస్తే మాకు తోచినది ఇది. ఛందస్సు రాకపోయినా ఫరవాలేదు, భాష రావాలి. భాష లేకపోతే పాట చెవి దగ్గర ఆగిపోతుంది. చెరకు తోటలకు కూలీలుగా వచ్చిన మన తాతముత్తాతలు పుస్తకాలు తేలేకపోయినా పాటలను గుండెలో పెట్టుకొని వచ్చారు. వారికి ఆ మాటలు తెలుసు. మనం రాగాన్ని కాపాడాము, మాటను జారవిడుస్తున్నాము.

మేము కూడా తెలుగును తల్లి ఒడిలో గాక సాయంకాలపు బడిలోనే నేర్చుకొన్నాము. కనుక ఇది ఎవరిమీదా నింద కాదు. ఇప్పుడు మా తరగతిలో పాటకు ముందు ఒక్కొక్క పాదానికి అర్థం చెబుతున్నాము, తరువాతనే రాగం. పోటీకి నాలుగు పాటలు సిద్ధమయ్యేచోట రెండే అవుతున్నాయి. ఆ అబ్బాయి మొదటి వరుసలో కూర్చొంటున్నాడు. ప్రతి గ్రామంలోను భజన గురువులు, తల్లిదండ్రులు ఈ పని మొదలుపెట్టాలని మా మనవి.