కారు స్టీరియో: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

నా పాత కారులో పాటలు కాస్త బాగా వినాలనిపించి, పదివేల రూపాయల బడ్జెట్ పెట్టుకుని ఈమధ్య ఓ కార్ యాక్సెసరీస్ దుకాణానికి వెళ్లాను. "ఈ స్టీరియో తీసుకోండి సార్, 200 వాట్లు. కారు అదిరిపోద్ది" అన్నాడు అక్కడి కుర్రాడు. పెట్టె మీద '50 వాట్లు × 4' అని పెద్దక్షరాలతో ఉంది. అది కొంటే నా డబ్బు దాదాపు అయిపోయినట్టే. అందుకే ముందు ఓ చిన్న లెక్క వేసుకున్నాను.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. మామూలు కారు స్పీకరు నిరోధం 4 ఓములు. స్టీరియోలోని చిన్న యాంప్లిఫయర్ స్పీకరుకు ఆ 14.4 వోల్టులకు మించి ఇవ్వలేదు. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే 52 వాట్లు వస్తాయి. పెట్టె మీది '50' రహస్యం ఇదే! కానీ అంత రావాలంటే తరంగం తలా తోకా తెగి, చతురస్రాకారంలోకి మారాలి. అప్పుడు వినిపించేది పాట కాదు, గరగర. శుద్ధమైన సైన్ తరంగానికి అందులో సగం, అంటే 26 వాట్లే గరిష్ఠం. సర్క్యూట్ నష్టాలు పోగా మిగిలేది 20 వాట్ల చుట్టుపక్కలే. కారుతో వచ్చిన స్టీరియో కూడా చాలావరకు ఇదే లెక్కలో నడుస్తుంది. కాబట్టి పెద్దక్షరాల అంకెను వదిలేసి, 'ఆర్‌ఎంఎస్' వాట్లు ఎన్నో చూడాలి.

మన చెవి లెక్క కూడా వేరు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్లు పవర్ కావాలి.

అందుకే డబ్బు ముందుగా స్పీకర్లకు పెట్టడం మేలు. ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పేది 'సెన్సిటివిటీ'. 87 ఉన్న స్పీకరు 20 వాట్లతో చేసే పనిని 90 ఉన్నది 10 వాట్లతోనే చేస్తుంది. మనం కూర్చునేది ముందు సీట్లో కనుక ముందు తలుపుల స్పీకర్లు మారిస్తే చాలు.

తరువాతిది తలుపు. స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకది పలచబడుతుంది. తలుపు లోపలి రేకులో పెద్ద రంధ్రాలుంటే ఈ రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముందు నష్టపోయేది బేస్. ఆ రంధ్రాలను బ్యూటైల్ షీటుతో మూస్తే బేస్ నిలబడుతుంది, రేకు అదురూ తగ్గుతుంది. అయితే తలుపు అడుగున వాన నీరు పోయే రంధ్రాలను మూయకూడదు. మూస్తే తుప్పు ఖాయం.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే, ఒకటి ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి కదులుతుంది. బేస్ మాయమవుతుంది. బిగించాక ఇది తప్పక చూసుకోవాలి.

విడి యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. 300 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్ల కరెంటు కావాలి. సన్నని వైరు వేస్తే వేడెక్కుతుంది. తగిన మందం వైరు, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. ఇక్కడ పొదుపు చేస్తే కారుకే నిప్పంటుకోవచ్చు.

చెవులకూ ఓ బడ్జెట్ ఉంది. పని ప్రదేశాల్లో 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని అమెరికాలోని 'నియోష్' సంస్థ సూచిస్తుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే! స్పీకరు స్పష్టంగా పలికి, తలుపు అదరకపోతే వాల్యూమ్ అంత పెంచాల్సిన అవసరమే రాదు.

చివరికి నేను పాత స్టీరియోను అలాగే ఉంచి, ముందు స్పీకర్లు, తలుపులకు షీట్లు మాత్రమే కొన్నాను. కారు అదరడం లేదు. పాట మాత్రం చక్కగా వినిపిస్తోంది.