పొయ్యి వెలిగించని మిఠాయి

మిఠాయి అనగానే మనకి పొయ్యి గుర్తొస్తుంది. పొయ్యి మీద మూకుడు, మూకుట్లో పాకం. పాకం వచ్చిందా లేదా అని నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూస్తాం. కాస్త ఏమరుపాటుగా ఉంటే అరిసె రాయి అవుతుంది. చెయ్యి కాలితే బొబ్బ లేస్తుంది. పక్కనే చిన్నపిల్లలు తిరుగుతుంటే అదొక భయం.

పొయ్యి వెలిగించకుండా మిఠాయి చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. మన అమ్మమ్మలు చేశారు. దాని పేరు చిమ్మిలి. నువ్వులు, బెల్లం కలిపి దంచితే చిమ్మిలి. అంతే. నెయ్యి అక్కర్లేదు, పాకం అక్కర్లేదు.

కార్తీక మాసంలో నాగుల చవితి వస్తుంది. ఆ రోజు కోస్తా జిల్లాల్లో పుట్ట దగ్గర పాలు పోస్తారు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు పెడతారు. ఈ మూడూ పొయ్యి ఎక్కనివే. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజుల పండగ. అందులో ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ. ఆ రోజు నువ్వులు, బెల్లంలో వెన్నో నెయ్యో కలిపి ముద్దలు చేస్తారు. అదీ చిమ్మిలికి చుట్టమే. మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి ఐతే చిమ్మిలి దంచి తినిపిస్తారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇంత తేలిక పనికి ఒక పాఠం ఎందుకు అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని నలభై ఉండలు పాడుచేశాను.

మా కేంద్రంలో జరిగింది

రెండేళ్ళ కిందట నాగుల చవితి ముందు రోజు. మా చదువు కేంద్రంలో అందరం కలిసి చిమ్మిలి చేద్దామనుకున్నాం. ఒక్కో అక్క ఇంటి నుంచి గుప్పెడో రెండు గుప్పెళ్ళో నువ్వులు తెచ్చింది. ఒకామె కూలి డబ్బుల్లోంచి బెల్లం కొని తెచ్చింది. నేను టీచర్ని కదా, కొలతలు బోర్డు మీద రాశాను. నువ్వుల్లో ఇసక ఉంటే కడిగాను. ఒక గంట ఎండలో పెట్టాను. సాయంత్రం అవుతోందని తొందరపడి దంచేశాం.

ఉండలు ఎంత బాగా వచ్చాయో! ఇలా పట్టుకుంటే అలా ముద్ద అయ్యాయి. నేను చాలా సంబరపడ్డాను. అందరూ తలా ఒకటి తిన్నారు. మిగిలిన నలభై డబ్బాలో పెట్టి మూత పెట్టాం. మూడో రోజు మూత తీస్తే పులిసిన వాసన. కొన్నింటి మీద తెల్లగా బూజు. అన్నీ గోతిలో పారబోశాం. గుప్పెడు గుప్పెడు తెచ్చిన వాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

అప్పుడు వెనక కూచున్న ఒక పెద్దమ్మ అంది. "టీచరమ్మా, కొలత బాగానే రాశావు. నువ్వు గింజ కొరికి చూశావా?"

చూడలేదు. నాకు ఆ సంగతే తెలీదు.

ఆమె చెప్పింది. కడిగిన నువ్వులు చేటలో పలచగా పోసి రోజంతా ఎండబెట్టాలి. సాయంత్రం ఒక గింజ పంటి కింద పెట్టాలి. చిట్ మని చిట్లితే ఎండినట్టు. చప్పుడు లేకుండా మెత్తగా అణిగితే ఇంకా తడి ఉన్నట్టు. తడి ఉంటే మర్నాడు కూడా ఎండబెట్టాలి. ఎండ లేకపోతే ఆ రోజు చిమ్మిలి మాట మర్చిపోవాలి.

ముద్ద ఎందుకు అవుతుంది?

నేను ఇంటికి వెళ్ళి ఆలోచించాను. మా ఉండలు అంత సులువుగా ఎందుకు వచ్చాయి? వచ్చినవి ఎందుకు పాడైపోయాయి?

పొడి పొడిగా ఉన్నది ముద్ద కావాలంటే మధ్యలో అంటించేది ఏదో ఒకటి ఉండాలి. చిమ్మిలిలో అది రెండు రకాలుగా రావచ్చు.

ఒకటి నీళ్ళు. బెల్లానికి తడి తగిలితే జిగురుగా అవుతుంది. మా నువ్వుల్లో తడి ఉంది. ఆ తడికి బెల్లం కరిగింది. ఉండలు చిటికెలో వచ్చాయి. కానీ తడి ఉన్న చోట కంటికి కనపడని క్రిములు పెరుగుతాయి. బూజు పడుతుంది. చలిమిడి చూడండి. నానబెట్టిన బియ్యం తడి పిండితో చేస్తాం కదా. అందుకే పచ్చి చలిమిడి ఆ పూటే తినెయ్యాలి, నిలవ ఉండదు.

రెండోది నూనె. నువ్వు గింజలో దాదాపు సగం నూనే. గానుగలో ఆడిస్తే వచ్చేది ఆ నూనే కదా. రోట్లో దంచినప్పుడు గింజ పగిలి ఆ నూనె కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. నువ్వుల పొడినీ, బెల్లం పొడినీ ఆ నూనె పట్టి ఉంచుతుంది. ఇది తొందరగా రాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా దంచాలి. కానీ నూనెలో క్రిములు పెరగవు. ఇలా చేసిన ఉండలు పొడి డబ్బాలో పది, పదిహేను రోజులు ఉంటాయి.

చూశారా? నీళ్ళతో ఐన ముద్ద తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. ముద్ద ఐతే చాలనుకున్నాను నేను. దేనివల్ల ముద్ద అయిందో చూడలేదు.

చేసే పద్ధతి

నువ్వులు పావు కిలో, అంటే 250 గ్రాములు. బెల్లం 200 గ్రాములు. ఏలకులు నాలుగు. తూకం లేకపోతే గ్లాసుతో కొలవండి. గ్లాసు నిండా నువ్వులకి ముప్పావు గ్లాసు తరిగిన బెల్లం సరిపోతుంది. తీపి ఎక్కువ కావాలన్నవాళ్ళు సమానంగా వేసుకుంటారు. నాకైతే ముప్పావే బాగుంటుంది.

కొత్త నువ్వులు తెచ్చుకోండి. నాలుగు గింజలు నమిలి చూడండి. చేదుగా ఉన్నా, పాత నూనె వాసన వచ్చినా వద్దు. ఆ చేదుని బెల్లం దాచలేదు. నల్లవైనా తెల్లవైనా పనికొస్తాయి. నువ్వులు నీళ్ళలో గాలిస్తే ఇసక అడుగున ఉండిపోతుంది. తర్వాత గుడ్డలో వడగట్టి, పైన చెప్పినట్టు ఎండబెట్టండి. నువ్వులు శుభ్రంగా ఉంటే కడగడం ఎందుకు, చెరిగి జల్లించండి చాలు.

బెల్లం దగ్గర ఒక్క మాట. కొట్లో పచ్చగా మెరిసిపోయే బెల్లం చూసి ముచ్చటపడకండి. బెల్లానికి ఆ రంగు రావాలని కొందరు హైడ్రోస్ అనే మందు కలుపుతారు. అనకాపల్లి బెల్లమైనా, కామారెడ్డి బెల్లమైనా, ముదురు గోధుమ రంగులో ఉన్నది మేలు. గట్టిగా, పొడిగా ఉండాలి. చెమ్మ పట్టి కారుతున్న బెల్లం చిమ్మిలికి పనికిరాదు. బెల్లాన్ని కత్తిపీటతో సన్నగా తరగండి.

రోలు, రోకలి తుడిచి ఎండలో ఆరనివ్వండి. చేతులు కడుక్కుని పొడిగుడ్డతో తుడుచుకోండి. ముందు నువ్వులే వేసి దంచాలి. మొదట గింజలు పక్కకి ఎగురుతాయి. రోకలి నెమ్మదిగా వెయ్యండి. కాసేపటికి పొడి అవుతుంది. ఇంకాసేపటికి పొడి రోటి అంచుకి అంటుకోవడం మొదలెడుతుంది. అదిగో, నూనె బయటికొస్తోంది! అప్పుడు బెల్లం, ఏలకుల పొడి వేసి మళ్ళీ దంచండి. కొంచెం పిడికిట్లోకి తీసుకుని నొక్కండి. చెయ్యి తెరిచినా విడిపోకుండా వేళ్ళ గుర్తులు నిలిస్తే ఐనట్టే.

విడిపోతోందా? నీళ్ళు చిలకరించకండి. ఇంకో పది నిమిషాలు దంచండి. అప్పటికీ రాకపోతే ఒక చెంచా నెయ్యి వెయ్యండి.

మిక్సీ ఉన్నవాళ్ళు మిక్సీలో చెయ్యొచ్చు. కానీ ఒకేసారి గిర్రున తిప్పకూడదు. మిక్సీ వేడెక్కుతుంది. వేడికి నూనె అంతా ఒక్కసారి బయటికొచ్చి, చిమ్మిలి కాస్తా జారుడు ముద్ద అవుతుంది. కొంచెం తిప్పడం, ఆపడం, కలపడం. మళ్ళీ కొంచెం తిప్పడం. జారుడుగా ఐపోతే కాస్త పొడి నువ్వుల పొడి కలపండి.

నిమ్మకాయ కన్నా చిన్న ఉండ సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఇప్పుడు లెక్క వెయ్యండి. 250, 200 కలిపితే 450. దాన్ని 25తో భాగిస్తే 18. చేతికి అంటుకున్నదీ, పిల్లలు రుచి చూసిందీ పోను పదహారో పదిహేడో మిగుల్తాయి.

పొయ్యి లేని మిఠాయి అన్నాను గానీ ఒక సంగతి దాచకూడదు. పచ్చి గింజల మీద క్రిములు ఉండొచ్చు. చంటిపిల్లలకీ, ఒంట్లో బాగాలేని వాళ్ళకీ పెట్టేదైతే నువ్వులు దోరగా వేయించి, చల్లారాక దంచండి. మూడేళ్ళ లోపు పిల్లలకి ఉండ చేతికివ్వద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. చిదిపి పెట్టండి. కొందరికి నువ్వులు పడవు. తిన్నాక దద్దుర్లు వచ్చినా, పెదవులు వాచినా మళ్ళీ పెట్టకండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

నువ్వుల బదులు వేరుశెనగ పప్పుతో కూడా చేస్తారు. అప్పుడు పప్పు ఏరడం ముఖ్యం. బూజు పట్టినవి, నల్లబడినవి, ముడతలు పడినవి తీసి పారెయ్యాలి. ఆ బూజులో ఉండే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

రక్తం పడుతుందా?

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. పెద్దమనిషి ఐన పిల్లకి చిమ్మిలి పెడితే రక్తం పడుతుందని మన పెద్దలు అంటారు. ఇందులో ఎంత నిజం ఉంది?

కొంత ఉంది. నువ్వుల్లో మాంసకృత్తులు ఉన్నాయి, ఎముకలకి కావలసిన సున్నం ఉంది, రక్తానికి కావలసిన ఇనుము ఉంది. గింజ గట్టిది. నమలకుండా మింగితే అలాగే బయటికి పోతుంది. దంచితే ఒంటికి పడుతుంది.

కానీ ఎంత ఇనుము? మళ్ళీ లెక్క చూద్దాం. గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. ఎదిగే ఆడపిల్లకి రోజుకి 30 మిల్లీగ్రాముల దాకా ఇనుము కావాలి. రెండు ఉండల్లో ఉండే నువ్వులు సుమారు 28 గ్రాములు. వాటినుంచి వచ్చే ఇనుము సుమారు 3 నుంచి 4 మిల్లీగ్రాములు. అంటే పదో వంతు, లేదా కాస్త ఎక్కువ. బెల్లంలో ఉన్నది కొంచెమే. మిగతాది ఆకుకూరలు, పప్పులు, రాగులు, గుడ్డు, మాంసం నుంచి రావాలి.

2019-21లో దేశమంతా ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తం తక్కువ ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా తేలారు. తెలంగాణలో నూటికి 57 మందికి పైగా. మన కేంద్రంలో ఇరవై మంది కూచుంటే అందులో దాదాపు పన్నెండు మంది అన్నమాట.

మా కేంద్రానికి వచ్చే ఒకామె కూతురు తొమ్మిదో తరగతి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్ర తెచ్చి, వాళ్ళ అమ్మకి తెలీకుండా కిటికీ లోంచి పారేసేది. మాత్ర వేసుకుంటే వికారంగా ఉంటుందట. "పోనీలే టీచరమ్మా, చిమ్మిలి పెడుతున్నాంగా" అంది తల్లి. ఆ పిల్లకి మెట్లెక్కితే ఆయాసం. కనురెప్ప కింద తెల్లగా ఉంది. ఆస్పత్రిలో చూపిస్తే రక్తం బాగా తక్కువ ఉందన్నారు.

ఆ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంత ఇనుము కావాలంటే పిల్ల ముప్పయ్యో నలభయ్యో ఉండలు తినాలి. తింటుందా? మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. విరోచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. చిమ్మిలి మాత్రకి తోడు, మాత్రకి బదులు కాదు. చిమ్మిలి తినగానే టీ తాగకండి. టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయో, జామకాయో, నిమ్మరసమో తీసుకుంటే బాగా పడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు బెల్లమే కదా అని తినకండి. వాళ్ళకి బెల్లమైనా పంచదారైనా ఒకటే.

ఆ పిల్ల ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. చిమ్మిలీ తింటోంది.

డబ్బా మీద కాగితం

పోయిన చవితికి మళ్ళీ చేశాం. ఈసారి పెద్దమ్మ గింజ కొరికి సరే అన్నాకే రోకలి ఎత్తాం. దంచీ దంచీ అందరి చేతులూ పడిపోయాయి. డబ్బా ఎండలో పెట్టి, చల్లారాక ఉండలు సర్దాం. ఎప్పుడు చేశామో గుర్తుండదు కదా, పాత క్యాలెండరు కాగితం చింపి డబ్బాకి అంటించుదామన్నాను. రాసే పని ఆ పిల్ల తల్లికి అప్పజెప్పాం. అంతకు ముందు ఆమె పలక మీద తప్ప ఎక్కడా రాయలేదు. చాలాసేపు పట్టింది. "చిమ్మిలి" అని రాసింది. మ కింద మ ఒత్తు మర్చిపోయి మళ్ళీ దిద్దింది. దాని కింద చేసిన తేదీ వేసింది. అన్నం మెతుకులతో అంటించింది.

తర్వాత డబ్బా దగ్గరికి పెట్టుకుని, నేను చెప్పకుండానే, తేదీ కింద ఇంకో వరస రాసింది.

"తడి చెయ్యి పెట్టొద్దు."