ఒకే పట్టాల మీద రెండు బండ్లు - బ్లాకు వైరింగు

సైన్సు ఫెయిరు దగ్గరికొచ్చింది. తొమ్మిదో తరగతి వాళ్లు రైలు నమూనా చేస్తారట. అదీ ఒక ఇంజనుతో కాదు, రెండింటితో! ఒకదాన్ని గుండ్రంగా తిప్పడం చిన్నపని. రెండోది పట్టాల మీద పెట్టగానే తంటా మొదలవుతుంది. ప్లైవుడ్డుకి మేకులు కొట్టేశాక ఇది చదివి లాభం లేదు కాబట్టి, మిత్రులారా, ఈ వారమే చదవండి.

బొమ్మ రైలుకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. ఎక్కువమంది వాడే హెచ్.ఓ. సైజు బండి అసలు బండిలో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాని ఇంజను 12 వోల్టుల డి.సి. మీద నడుస్తుంది. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. తారుమారు చేస్తే బండి వెనక్కి పోతుంది. మరి అదే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే? ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది, ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. స్టేషన్లో ఒకటి ఆగి రెండోదానికి దారివ్వడం అన్న మాటే ఉండదు.

అందుకని పట్టాలని ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఒక బ్లాకు. రెండు ముక్కల మధ్య లోహపు జాయింటు తీసి ప్లాస్టిక్ జాయింటు పెడితే కరెంటు అక్కడ ఆగిపోతుంది, చక్రం మాత్రం దాటిపోతుంది. రెండు పట్టాల్నీ విడదీయక్కర్లేదు, ఒకటి చాలు. రెండోది అన్ని బ్లాకులకీ ఉమ్మడి.

బ్లాకు అన్న మాట అసలు రైల్వేదే. ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలన్నది అక్కడ ప్రాణం లాంటి నియమం. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ముందున్న పలాస ప్యాసింజరుని రాయగడ ప్యాసింజరు వెనకనుంచి గుద్దింది. ఆ రాయగడ బండిలో ఇళ్లకెళ్లేవాళ్లు మన హాస్టల్లోనూ ఉన్నారు. మన బల్ల మీద గుద్దుకుంటే పోయేది ఒక పెట్టె చక్రమే, కానీ లెక్క మాత్రం ఒకటే.

ఇప్పుడు కాగితం మీద గీద్దాం. కోడిగుడ్డు ఆకారంలో ఒక లైను, ఒకవైపు స్టేషను. స్టేషన్లో రెండు లైన్లు: మెయిను 1వ బ్లాకు, లూపు 2వ బ్లాకు. బయటి లైనుని సగానికి విడగొడితే 3, 4. బండ్లు రెండు, బ్లాకులు నాలుగు. బండ్లకన్నా కనీసం ఒక బ్లాకు ఎక్కువ ఉండాలి, లేకపోతే కదలడానికి చోటుండదు. ప్రతి బ్లాకూ మన పొడుగాటి బండికన్నా పొడుగ్గా ఉండాలి. అందుకే ముందు బండిని టేపుతో కొలవండి, తర్వాతే గీయండి.

ఒక పట్టా ఎర్ర పెన్నుతో, ఇంకోటి నీలం పెన్నుతో గీయాలి. ఇదే అసలు కిటుకు. లైను మెలిక తిరిగి తన మీదికే వచ్చి కలిస్తే ఎరుపు పోయి నీలానికి తగులుతుంది. అంటే అక్కడ షార్టు. మొదటిసారి అలాంటి మెలిక పెట్టుకోవద్దని నా సలహా. పాయింట్ల దగ్గర కరెంటు ఒకే లైను ఉన్న వైపునుంచి ఇవ్వాలి, చీలిన వైపునుంచి కాదు.

ఒక్కో బ్లాకుకి ఒక టోగుల్ స్విచ్చి, మధ్యలో ఆగే రకం. పైకి నొక్కితే మొదటి కంట్రోలరు, కిందకి నొక్కితే రెండోది, మధ్యలో ఉంచితే కరెంటు లేదు. లూపులో బండి ఆగాలంటే 2వ స్విచ్చి మధ్యలో పెడితే సరి. పట్టా ఉమ్మడి కాబట్టి రెండు కంట్రోలర్లకీ వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. ఒక్కదాంతో సరిపెడదాం అనుకుంటే షార్టవుతుంది. ఇంకో సంగతి. బండి జాయింటు దాటేటప్పుడు దాని చక్రాలు రెండు బ్లాకులనీ కలిపేస్తాయి. ఆ రెండూ అప్పుడు వేర్వేరు కంట్రోలర్ల మీద, ఎదురు దిశల్లో ఉన్నాయనుకోండి, 12కి 12 కలిసి 24 వోల్టులు పడతాయి. కాబట్టి బండి చేరకముందే ముందు బ్లాకు స్విచ్చిని దాని కంట్రోలరు వైపే తిప్పాలి.

ఇప్పుడు డిజిటల్ పద్ధతి వచ్చింది. ప్రతి ఇంజన్లో చిప్పు ఉంటుంది, ఏ ఇంజను మాట ఆ ఇంజనే వింటుంది. అది ఖరీదైన వ్యవహారం, మన ఫెయిరుకి స్విచ్చిలు చాలు. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థుల రైలు నమూనా క్లబ్బు 1946లో మొదలైంది. అక్కడి పిల్లలు టెలిఫోను రిలేలతో ఇదే పని చేస్తూ, తర్వాత కంప్యూటర్లలో పడ్డారు.

వైర్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రతి వైరుకీ రెండు కొసలా నెంబరు చీటీ అంటించాలి. 2023 జూన్ 2న ఒడిశాలో బహనాగా బజార్ స్టేషన్ దగ్గర 290 మందికి పైగా చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, సిగ్నలు వైర్లు తప్పుగా కలిపారు, పెట్టెలో వైర్ల మీద రాసిన పేర్లు కూడా తప్పే. ఉమ్మడి వైరు నల్లది, మిగతావి వేరే రంగులు పెడదాం. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు ప్లగ్గు వార్డెన్ సారే పెట్టాలి, మనం 12 వోల్టుల వైపే ఉందాం.

ఒక్క చిక్కు స్విచ్చిలు తీర్చలేవు. రెండు బండ్లనీ ఒకేసారి ఎదురెదురుగా బయటి లైనులోకి వదిలితే గుద్దుకుంటాయి. సింగిల్ లైన్ల మీద రైల్వేవాళ్లు ఇలాంటి చిక్కుకే డ్రైవరు చేతికి టోకెన్ గోళం ఇచ్చేవారు. అది చేతిలో లేకుండా బండి కదలకూడదు. మనం రబ్బరు బంతి వాడదాం. బంతి ఉన్నవాడే తన బండిని 3, 4 బ్లాకుల్లోకి వదలాలి.

ఆదివారం స్టడీ అవరయ్యాక డ్రాయింగు షీటు పరుద్దాం. ఎర్ర పెన్ను నా దగ్గరుంది. నీలం పెన్నూ, బంతీ ఎవరైనా తేండి.