సెరంపూరు గ్రంథశాలలో నిత్యసేవ

కలకత్తాకు ఉత్తరముగా, హుగ్లీ నది పడమటి యొడ్డున, బారక్‌పూరునకు ఎదురుగా నున్న సెరంపూరు పట్టణము నేడు లోకల్ రైళ్ల రద్దీతో, ఇరుకు సందులతో, వంగదేశమునందలి మరి యే నదీతీరపు ఊరికిని భిన్నముగా కనుపింపదు. అయినను, 1845 వరకు అది డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండినదనియు, ఆంగ్లేయ కంపెనీ తన సీమలో మతప్రచారకులకు చోటీయని కాలమున విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మువ్వురు అచట 1800లో ముద్రణాలయము నెలకొల్పిరనియు, 1818లో వారు స్థాపించిన కళాశాలకు 1827లో డెన్మార్కు ప్రభువగు ఆరవ ఫ్రెడరిక్ పట్టములొసగు నధికారము ననుగ్రహించెననియు ఎరిగినవారికి, నది కభిముఖముగా నిలిచిన ఆ కళాశాల స్తంభమండపము ఊరక చూచి పోదగిన కట్టడము కాదు. ఆ కళాశాలకు చెందిన కేరీ గ్రంథాలయము మన దేశపు దైవశాస్త్ర గ్రంథాలయములకు పెద్దదిక్కు.

దానిని చూడబోవువారు తొలుత విచారించునది అద్దాల బీరువాలలోని అపురూప వస్తువులను గూర్చియే: తొలి ముద్రణలేవి, మిషనరీల చేతివ్రాతలేవి, అని. ఆ కుతూహలము తప్పు కాదు. కాని గ్రంథాలయపు ప్రాణము బీరువాలలో నుండదు. ఉదయము తలుపులు తెరచి, నిన్న బల్లలపై విడిచిన పుస్తకములను వాని వాని స్థానములకు చేర్చుటయందును, గడువు మీరిన పుస్తకమునకై జ్ఞాపకపత్రము పంపుటయందును, టపాలో వచ్చిన పత్రికలను సంచిక సంచికగా నమోదు చేయుటయందును, క్రొత్త పుస్తకముల పట్టికను నోటీసుబోర్డున అంటించుటయందును అది యున్నది. ఏటికొకమారు రథోత్సవమెంత వైభవముగా జరిగినను నిత్యార్చన లోపించిన కోవెల పాడుబడినట్లే, ఈ చిన్న పనులు ఆగిపోయిన గ్రంథశాల ఎన్ని అమూల్య ప్రతులు కలదైనను మూతపడిన దానితో సమానము.

ఇతర గ్రంథాలయములకు లేని యొక ధర్మసంకటము దైవశాస్త్ర గ్రంథాలయమునకు కలదు. వైద్యకళాశాలలో ఇరువదియేండ్ల నాటి చికిత్సాగ్రంథము చదువరికి హాని చేయవచ్చును గనుక దానిని తీసివేయుట గ్రంథపాలకునకు విధి. ఇచట ఆ విధి చెల్లదు. అయిదవ శతాబ్దమునాటి అగస్టీను రచనలును, పదునారవ శతాబ్దమునాటి లూథరు ఉపన్యాసములును, దళిత దైవశాస్త్రముపై నిరుడు సమర్పింపబడిన పరిశోధన వ్యాసమును ఒక్క బల్లమీద చేరి, విద్యార్థి సమక్షమున పరస్పరము వాదించుకొనును. తరువాతి అనువాదము వెలువడిన పిదప ఆరాధనలో చదువుట మానిన పాత అనువాదము సహితము, మొదటివారు బైబిలు వచనము నెట్లు గ్రహించిరో చెప్పు సాక్షిగా నిలిచి యుండును. కావున ఇచటి అలమారలు నిండుటయే గాని ఖాళీయగుట యెరుగవు. చోటు చాలక క్రొత్త బీరువాకై యాజమాన్యమునకు అర్జీ పెట్టుకొనుట ఇచటి గ్రంథపాలకుని నిత్యకృత్యములలో నొకటి.

చదువరులును ఒక్క తీరువారు కారు. ఆదివారము దగ్గరి సంఘములో ప్రసంగింపవలసిన బి.డి. విద్యార్థి శుక్రవారము మధ్యాహ్నము కౌంటరు వద్దకు వచ్చి, యోబు గ్రంథముపై మంచి వ్యాఖ్యాన మొక్కటి కావలెనండీ, అని యడుగును. అనుభవము గల గ్రంథపాలకుడు వెంటనే అలమార చూపడు. ఏ అధ్యాయము, ప్రసంగమునకా వ్యాసమునకా, హెబ్రీ ఎంతవరకు వచ్చును, అని మెల్లగా అడుగును. ప్రసంగమునకైనచో ఒక్క సంపుటపు వ్యాఖ్యానము చాలును. వ్యాసమునకైనచో విమర్శాత్మకమైన పెద్ద వ్యాఖ్యానము, బైబిలునందలి యే పదము ఏ వచనములలో వచ్చునో చూపు 1890 నాటి స్ట్రాంగు పదసూచిక, బాబిలోనియా వారి జ్ఞానసాహిత్యమునకు అనువాదములు, అదే విషయముపై పూర్వ విద్యార్థులు వ్రాసిన వ్యాసముల పట్టిక, ఇవన్నియు నొకటొకటిగా బల్లపైకి వచ్చును. పుస్తకమునకై వచ్చినవాడు తన ప్రశ్ననే సరిదిద్దుకొని పోవుట ఇట్టి వేళలందు జరుగును. దీనిని రిఫరెన్సు సేవ యని పొడిగా పిలుతురు గాని, బోధన గదిలో జరుగు దానికి ఇది యేమాత్రమును తీసిపోదు. పదవీవిరమణ చేసిన పాస్టరు అయ్యగారు, సంఘచరిత్ర వ్రాయదలచిన ఉపాధ్యాయుడు, పందొమ్మిదవ శతాబ్దపు ముద్రణకళను శోధించు అన్యమతస్థుడగు పండితుడు, వీరందరికిని అదే కౌంటరు, అదే మర్యాద.

అడిగిన పుస్తకము చేతికందవలెనన్న అది యొక క్రమములో నుండవలెను. మెల్విల్ డ్యూయీ 1876లో వెలువరించిన దశాంశ పద్ధతిలో మతమునకు 200 మొదలు 299 వరకు గల సంఖ్యలు కేటాయింపబడినవి. అందు బైబిలునకు 220, క్రొత్త నిబంధనకు 225, తెలుగు బైబిలునకు 220.594827. అంకెలు చూచుటకు శుష్కములే యైనను, ఆ చివరి 94827 మన భాషను సూచించు సంఖ్యయని తెలిసినప్పుడు ఎచటి పుస్తకశాలలోనైనను మనవారి యిల్లు కనుగొన్నంత సంతోషము కలుగును. కాని యీ పద్ధతిలో పక్షపాతమొకటి కలదు. క్రైస్తవము ఈ వంద సంఖ్యలలో అధికభాగము నాక్రమింపగా, హిందూ, బౌద్ధ, జైన, ఇస్లాము మతములన్నియు 290ల యిరుకున సర్దుకొనవలసి వచ్చినవి. వేదములు, ఉపనిషత్తులు, భక్తి సంప్రదాయము, అన్నియు 294.5 అను నొక్క సంఖ్య క్రింద దశాంశముల తోకలతో నిలువవలసినదే. న్యూయార్కులోని యూనియన్ సెమినరీకి జూలియా పెట్టీ ప్రత్యేకముగా నిర్మించి 1939లో ప్రకటించిన వర్గీకరణ దైవశాస్త్రమునకు విశాలమైన చోటిచ్చెను. మన గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ 1933లో వెలువరించిన ద్విబిందు వర్గీకరణ, మతముల కన్నింటికిని విడివిడి స్థానము లిచ్చి, ఈ విషయమున డ్యూయీ కంటె న్యాయముగా ప్రవర్తించినదని నా యభిప్రాయము. బహుమత దేశమున మతశాస్త్ర గ్రంథములను సర్దువారు ఈ భేదమును లఘువుగా చూడరాదు. పుస్తకమునకిచ్చు సంఖ్య దానికి మన మిచ్చు గౌరవమును సైతము తెలుపును.

సెరంపూరునకును తెలుగునకును గల బంధము వియోగముతో ముడివడినది. విశాఖపట్టణమున 1805లో అడుగిడిన లండను మిషనరీలలో నొకడగు అగస్టస్ దెగ్రాంజు, క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయర్ సాయమున సువార్తలను తెలుగు చేసెను. అతడు మరణించిన పిదప అందు మూడు 1812లో సెరంపూరున అచ్చయ్యెను. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రణాలయమున నిప్పంటుకొని, కాగితమును, అచ్చు అక్షరములును, సంవత్సరముల తరబడి కేరీ కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతియు, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు దగ్ధమైపోయెను. కేరీ ఆ సమయమున కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి వార్త చెప్పెను. ముద్రణ యంత్రములు వేరు గదిలో నుండుటచే దక్కినవి, బూడిదలో అక్షరములు చెక్కిన ఉక్కు ముద్రలు చెడక దొరికినవి. కరిగి ముద్దయైన సీసమునే తిరిగి కరగించి అక్షరములు పోసిరి. తెలుగు వ్యాకరణము మరల వ్రాయబడి 1814లో వెలువడినది. 1818లో క్రొత్త నిబంధన అచ్చయ్యెను. 1801 మొదలు 1832 వరకు ఆ ముద్రణాలయము 40 భాషలలో 2,12,000 ప్రతులను ముద్రించినదని ప్రసిద్ధి. ఒక్క రాత్రిలో ఇంత కోల్పోయినవారు సాధించిన సంఖ్య యిది.

నిప్పు ఒక్కనాటి శత్రువు. చెద ప్రతిదినపు శత్రువు. ఆనాటి దేశవాళి కాగితము చెదపురుగునకు సులభాహార మగుచుండుటచే, దానిని తట్టుకొనగల కాగితమును తామే తయారుచేయ బూని, కాగితపు మిల్లునకై 1820లో పన్నెండు అశ్వశక్తుల ఆవిరియంత్రమును ఆ మిషనరీలు తెప్పించిరి. నేటి గ్రంథపాలకుడు ఆ పోరాటమునకు వారసుడు. నదీతీరపు చెమ్మగాలిలో వానకాలమంతయు బీరువాలను వంతులవారీగా తెరచి గాలి తగులనిచ్చుట, పుస్తకములు తొలుచు పురుగు జాడకై అట్టల వెన్నులు పరీక్షించుట, పొడియారిన అంచులను పల్చని కాగితముతో అతికించుట, చేయి పడిన చినిగిపోవు పుటలను స్కాను చేసి మూలప్రతికి విశ్రాంతి నిచ్చుట, ఇవి చూచువారు లేని పనులు, చేయకున్న మాత్రము పదియేండ్లలో అందరికిని తెలియు పనులు.

నూతన సౌకర్యములును రాకపోలేదు. అమెరికాలోని దైవశాస్త్ర గ్రంథాలయములు 1946లో సంఘటితమై పిదప ఆరంభించిన పత్రికావ్యాసముల సూచిక నేడు కంప్యూటరు తెరపై కనుపించుచున్నది. జెనీవానుండి నడుచు గ్లోబెథిక్స్ వంటి అంతర్జాల గ్రంథశాలలు బీద కళాశాలల విద్యార్థికి సైతము ఉచితముగా తలుపు తెరచుచున్నవి. కాని తెరపై ప్రత్యక్షమగు వాటిలో తెలుగు ఎంత? జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జు 1746లో అచ్చొత్తించిన తెలుగు కరపత్రములు అచటి భాండాగారములో భద్రముగా నున్నవి. మన ఊళ్లలో మన తాతలు పాడిన కీర్తనల పాత కూర్పులు, కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి రచనల తొలి ముద్రణలు, సంఘపత్రికల సంపుటములు, మందిర శతాబ్ది సంచికలు మాత్రము ఎచట నున్నవో చెప్పు పట్టిక లేదు. 1964లో రాజమహేంద్రవరమున ఆరంభమై పిదప హైదరాబాదునకు తరలిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల పట్టములొసగు సెరంపూరు సెనేటునకు అనుబంధమైనది. అట్టి కళాశాలల గ్రంథాలయములే వానిని సేకరించి పట్టిక కూర్చు పనికి తగిన స్థానములని నా దృఢవిశ్వాసము. పట్టముల కొరకు మనము శతాబ్దముగా సెరంపూరు వైపు చూచితిమి. అచట నేర్వవలసిన తక్కిన పాఠము ఈ సంరక్షణము.

పని యారంభించుటకు పెద్ద నిధులక్కరలేదు. కాలముచేసిన పాస్టరు గారి ఇంట అటకమీద నున్న పెట్టెను పాతకాగితముల వానికి తూచి యమ్మక కళాశాల గ్రంథాలయమునకు పంపినచో, అచటివారు తొలుత దానిని వేరు గదిలో నుంచి పురుగులను పోగొట్టి, ధూళి దులిపి, ముఖపత్రము చినిగిన పుస్తకమునకు కర్తను, సంవత్సరమును వెదకి వ్రాసి, ఇచ్చినవారి పేరు లోపలి అట్టపై అంటించి, సంఖ్య వేసి, వచ్చు నెల క్రొత్త పుస్తకముల పట్టికలో దానిని చేర్తురు.